ప్రేమ సానెట్‌లో నడక, ప్రాస, మళ్ళీ మళ్ళీ వచ్చే మాట: తరచుగా అడిగే ప్రశ్నలు

మహారాష్ట్రలోని దెగ్లూర్, ధర్మాబాద్, కిన్వట్, సిరొంచ వైపు నుంచి బీఏ ఇంగ్లిష్ చదివే మన తెలుగు పిల్లలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, డిగ్రీ పేపర్లో ఇంగ్లిష్ పద్యం. మూడు భాషల్లో మూడు రకాల కొలతలు నేర్చుకుని, చివరికి ఏ కొలత ఎక్కడ వాడాలో తెలియక టెన్షన్ పడతారు. వాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఉదాహరణకు దాదాపు అంతటా ఒకే పద్యం తీసుకున్నాను: ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ రాసిన 43వ సానెట్ (సానెట్ అంటే పద్నాలుగు పాదాల పద్యం), 'హౌ డూ ఐ లవ్ దీ? లెట్ మీ కౌంట్ ద వేస్' అని మొదలయ్యేది. పద్యం పక్కన పెట్టుకుని, పెన్సిల్ పట్టుకుని చదవండి.

అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? మీటరా, రైమా, అర్థమా?

అర్థం. పద్నాలుగు పాదాలూ రెండుసార్లు గట్టిగా చదివి, ఎవరు ఎవరితో ఏం చెబుతున్నారో మీ మాటల్లో చెప్పుకోండి. 'నిన్ను ఎలా ప్రేమిస్తున్నానంటావా, లెక్కపెట్టి చెబుతా విను' అని మొదలుపెట్టి, ఆ లెక్క చెబుతూ చెబుతూ చావు దాకా వెళ్తుంది ఈవిడ. ఇది తెలియకుండా గుర్తులు వేస్తూ కూర్చుంటే కాగితం నిండుతుంది కానీ చెప్పడానికి ఏమీ మిగలదు. ఆ తర్వాత నడక (మీటర్), తర్వాత ప్రాస (రైమ్), చివర్లో మళ్ళీ మళ్ళీ వచ్చే మాటలు. ఈ వరుసే ఉండాలని రూలేమీ లేదు, కానీ కొత్తవాళ్ళకి ఇది తేలిక.

లఘువులు గురువులు నాకు బాగా వచ్చు. ఇంగ్లిష్ పద్యానికీ అవే వేసేస్తే సరిపోదా?

సరిపోదు. మనవాళ్ళు మార్కులు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మన ఛందస్సు, మరాఠీ వృత్తాలు, రెండూ సంస్కృతం నుంచి వచ్చిన కొలతతోనే నడుస్తాయి. అక్షరం పలకడానికి ఎంతసేపు పడుతుందన్నదే లెక్క. తెలుగులో 'యమాతారాజభానసలగం' అని మనం, మరాఠీ వ్యాకరణంలో 'యమాతారాజభానసలగా' అని వాళ్ళు, ఒకే సూత్రం బట్టీ పడతాం. ఇంగ్లిష్ అలా కాదు. అక్కడ ఎంతసేపు పలికామన్నది కాదు, ఎంత గట్టిగా ఒత్తి పలికామన్నదే లెక్క. ఐయాంబ్ అంటే తేలిగ్గా ఒకటి, ఒత్తి ఒకటి. అలాంటివి అయిదు వరసగా వస్తే ఐయాంబిక్ పెంటామీటర్. వినడానికి మన లగం (లఘువు, గురువు) లాగే ఉంటుంది, అందుకే మోసపోతాం.

'ఐ లవ్ దీ' అన్న మూడు మాటలే చూడండి. మన లెక్కలో 'ఐ' గురువు, 'లవ్' పొల్లుతో ముగిసింది కాబట్టి గురువు, 'దీ' దీర్ఘం కాబట్టి గురువు. మూడూ గురువులే, మగణం. కానీ ఇంగ్లిష్ వాళ్ళ చెవికి 'ఐ' తేలిక, 'లవ్' ఒత్తు, 'దీ' మళ్ళీ తేలిక. మన భాషలో చెప్పాలంటే జగణం (లఘువు, గురువు, లఘువు) నడక. మగణంలా చదివితే మూడు మాటలూ ఒకే బరువుతో పడి పద్యం బండబారిపోతుంది. జగణంలా చదివితే బరువంతా 'లవ్' మీదే పడుతుంది, ఆవిడకి కావలసిందీ అదే.

ఇంకో రెండు మాటలు ఇదే పద్యంలోవి: 'లెవెల్', 'బెటర్'. మన లెక్కలో రెండూ లఘువు తర్వాత గురువు. ఇంగ్లిష్‌లో రెండిటికీ ఒత్తు మొదటి అక్షరం మీదే. అంటే పూర్తిగా తిరగబడింది. మనీ, సిటీ, హనీ అని మనం రాసుకునే మాటలన్నిటికీ ఇదే గొడవ. అటువైపు 'హోటల్' అని మనం మొదట్లో ఒత్తే మాటకి వాళ్ళు చివర ఒత్తుతారు. అనుమానం వచ్చినప్పుడు డిక్షనరీ తెరవండి, ఒత్తి పలికే అక్షరానికి ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది. దాన్ని చూసి గుర్తు వేయండి, తెలుగు స్పెల్లింగ్ చూసి కాదు.

యు ఆకారం గుర్తు దేనికి? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది.

అవును, ఒక్కోలానే ఉంటుంది. తెలుగు పుస్తకాల్లో యు ఆకారం గురువుకి, నిలువు గీత లఘువుకి. మరాఠీ పుస్తకాల్లో ఆ గిన్నె లాంటి గుర్తు లఘువుకి, అడ్డగీత గురువుకి. ఇంగ్లిష్‌లో అదే గిన్నె గుర్తు ఒత్తు లేని అక్షరానికి, వాలు గీత ఒత్తు ఉన్నదానికి. కాబట్టి మరాఠీ మీడియంలో చదివినవాళ్ళకి అలవాటు కొంచెం కలిసొస్తుంది, అవతల అదిలాబాద్, నిజామాబాద్ వైపు హాస్టల్లో ఉండి తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళకి పూర్తిగా తలకిందులవుతుంది. జవాబు పత్రంలో మొదటి లైన్లోనే ఏ గుర్తు దేనికో రాసేయండి, దిద్దేవాళ్ళకీ మీకూ గొడవ ఉండదు.

పాదానికి పది సిలబుల్స్ (పలికే అక్షరాలు) ఉండాలన్నారు. అయిదో పాదంలో పదకొండు వస్తున్నాయి. నేను లెక్క తప్పానా?

లేదు, మీ లెక్క కరెక్టే. 'ఐ లవ్ దీ టు ద లెవెల్ ఆఫ్ ఎవ్రీ డేస్' అన్న పాదంలో 'ఎవ్రీ'ని రెండుగా పలికినా పదకొండు వస్తాయి. 'లెవెల్'లో రెండో అక్షరం, 'ఆఫ్', ఈ రెండూ తేలిగ్గా గబగబా దొర్లి 'ఎవ్' మీద ఒత్తు పడుతుంది. రెండు తేలికలు, ఒక ఒత్తు. దాన్ని అనపెస్ట్ అంటారు.

అసలు విషయం ఏమిటంటే ఇంగ్లిష్ పద్యంలో గణం తప్పడం మన శార్దూలంలో గణం తప్పడం లాంటిది కాదు. మన దగ్గర తప్పితే పద్యం చెడినట్టే. అక్కడ నడక ఒకటి చెవిలో నాటుకున్నాక, కవి కావాలనే దాన్ని అక్కడక్కడా కదుపుతుంది. మీరు పట్టుకోవాల్సింది ఆ కదిలిన చోటునే. నడక ఎక్కడ మారిందో, అక్కడ అర్థంలో ఏం జరుగుతోందో చూడండి. రెండో పాదంలో 'డెప్త్', 'బ్రెడ్త్', 'హైట్' అని లోతు, వెడల్పు, ఎత్తు చెప్పినప్పుడు ఒత్తులు కొలబద్ద పెట్టినట్టు ఆ మూడు మాటల మీదే సూటిగా పడ్డాయి, ఎందుకంటే అక్కడ ఆవిడ కొలుస్తోంది. అయిదో పాదంలో రోజూ ఉండే మామూలు అవసరాల సంగతి చెబుతోంది, అక్కడ నడక మాట్లాడినట్టుగా కొంచెం వదులైంది.

పదమూడో పాదం చూడండి: 'స్మైల్స్, టియర్స్, ఆఫ్ ఆల్ మై లైఫ్'. ఇక్కడ సిలబుల్స్ పదే, కానీ మొదటి రెండూ ఒత్తులే. నవ్వులు, కన్నీళ్ళు. మధ్యలో కామా ఉంది, పక్కపక్కనే రెండు బరువులు. దీన్ని స్పాండీ అంటారు. పన్నెండు పాదాల నుంచి సాగుతున్న నడక ఇక్కడ ఆగి ఆగి పడుతుంది, గొంతు పట్టేసినట్టు. నన్నడిగితే ఈ పద్యం మొత్తంలో నడక గురించి ఒక్క పేరానే రాయనిస్తే ఈ రెండు మాటల గురించే రాయాలి.

ఇంగ్లిష్‌లో యతి ఉంటుందా?

ఉంటుంది, కానీ మన యతి కాదు. మనకు యతి అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదిరే అక్షరం. శార్దూలంలో పదమూడోది. మరాఠీలో, సంస్కృతంలో యతి అంటే ఆగే చోటు, అంతే. ఇంగ్లిష్‌లో సీజురా అనేది ఆ రెండో రకం. పన్నెండో పాదంలో 'విత్ మై లాస్ట్ సెయింట్స్' తర్వాత ఫుల్‌స్టాప్ పడి, అదే పాదంలో మళ్ళీ 'ఐ లవ్ దీ' మొదలవుతుంది చూడండి, అదే సీజురా. అక్షర మైత్రి వెతక్కండి.

ప్రాస, యమకం, రైమ్ ఒకటేనా?

మూడూ వేరు, మన ప్రాంతంలో బాగా కలగాపులగమయ్యేది ఇదే.

తెలుగులో ఉత్తిగా 'ప్రాస' అంటే పాదంలో రెండో అక్షరం, నాలుగు పాదాల్లోనూ అదే హల్లు. ఇంగ్లిష్ పద్యంలో రెండో అక్షరం దగ్గర వెతికితే ఏమీ దొరకదు. రైమ్ అంటే మన అంత్యప్రాస. ఇక మరాఠీలో 'యమక్ జుళవణే' అంటే పాదాల చివర ప్రాస కలపడం. తెలుగులో యమకం అంటే అది కాదు, అవే అక్షరాలు మళ్ళీ వచ్చి వేరే అర్థం ఇవ్వాలి. మరాఠీ టీచర్ 'యమకం చెప్పు' అంటే రైమ్ చెప్పండి, తెలుగు పంతులుగారు అడిగితే ఆ అలంకారం చెప్పండి. ఇంగ్లిష్ పేపర్లో రెండు మాటలూ వద్దు, రైమ్ అని రాసుకోండి.

ఈ సానెట్ రైమ్ స్కీమ్ ఏమిటి? ఎలా కనుక్కోవాలి?

ప్రతి పాదం చివరి మాట రాసుకోండి. వేస్, హైట్, సైట్, గ్రేస్, డేస్, లైట్, రైట్, ప్రేస్. మొదటిదానికి ఎ, దానితో కలవనిదానికి బి. ఎబిబిఎ, ఎబిబిఎ అని వస్తుంది. తర్వాతి ఆరు: యూస్, ఫేత్, లూజ్, బ్రెత్, చూజ్, డెత్. సిడి, సిడి, సిడి. ఇది ఇటాలియన్ పద్ధతి, పద్నాలుగో శతాబ్దపు కవి పెట్రార్క్ పేరుతో పెట్రార్కన్ సానెట్ అంటారు. ఎనిమిది పాదాలు ఒక ముక్క, ఆరు పాదాలు ఒక ముక్క.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. దయచేసి ఆపకండి. ఈ మాటల్ని తెలుగు లిపిలో రాసినా, మన నోటితో పలికినా 'వేస్, గ్రేస్, డేస్, ప్రేస్' అన్నీ చక్కగా కలిసిపోతాయి. కానీ ఇంగ్లిష్‌లో వేస్, డేస్, ప్రేస్ ఈ మూడిటి చివరా ఉన్నది బరువైన జ్ లాంటి ధ్వని, మరాఠీలో 'మాఝా' అనేటప్పుడు నాలుక దగ్గర పుట్టే ధ్వనికి దగ్గరగా. గ్రేస్‌లో ఉన్నది ఉత్త స్. అంటే ఆ నాలుగింట్లో ఒకటి సరిగ్గా కలవలేదు. అలాగే 'పుట్ టు యూస్'లో 'యూస్' నామవాచకం కాబట్టి స్ ధ్వని, లూజ్, చూజ్‌లకి జ్. ఫేత్‌లో అచ్చు సాగుతుంది, బ్రెత్, డెత్‌లలో పొట్టిగా తెగుతుంది. ఇలా పూర్తిగా కలవని ప్రాసని స్లాంట్ రైమ్ అంటారు.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది 'ఫేత్'. చిన్నప్పటి విశ్వాసం గురించి, పోగొట్టుకున్న పుణ్యపురుషుల గురించి చెప్పే చోట విశ్వాసం అన్న మాటే ప్రాసలో సరిగ్గా కుదరలేదు, ఊపిరి, చావు మాత్రం ఒకదానికొకటి అచ్చంగా కుదిరాయి. ఆవిడ కావాలని చేసిందని రుజువు చేయలేం, 'ఇలా వినిపిస్తోంది' అని మాత్రం ధైర్యంగా రాయొచ్చు. చివరి ప్రాస చావు మీదే ఆగుతుందన్నది మాత్రం కళ్ళెదుట ఉన్న సంగతి.

షేక్‌స్పియర్ సానెట్ అయితే?

ఎబిఎబి, సిడిసిడి, ఇఎఫ్ఇఎఫ్, చివర జిజి. నాలుగేసి పాదాల ముక్కలు మూడు, చివర రెండు పాదాల జంట ఒకటి. 1609లో అచ్చయిన ఆయన పుస్తకంలో 154 సానెట్లు ఉన్నాయి. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండవు: 99వ దానికి పదిహేను పాదాలు, 126వ దానికి పన్నెండే. 145వ దాంట్లో పాదానికి అయిదు ఒత్తులు కాదు, నాలుగే. పరీక్షలో ఏది ఇచ్చారో చూసి లెక్కపెట్టండి, గుర్తున్నది రాసేయకండి.

'ఐ లవ్ దీ' ఎన్నిసార్లు వచ్చింది? లెక్క రాస్తే చాలా?

లెక్క ముందు సరిగ్గా చేద్దాం. అచ్చంగా 'ఐ లవ్ దీ' అన్న మూడు మాటలూ ఏడుసార్లు: 2, 5, 7, 8, 9, 11, 12 పాదాల్లో. ఇది కాక మొదటి పాదంలో ప్రశ్నగా 'డూ ఐ లవ్ దీ', చివరి పాదంలో 'ఐ షల్ బట్ లవ్ దీ'. ఏడింట్లో ఆరు పాదం మొదట్లోనే వస్తాయి కాబట్టి అనాఫొరా అని పేరు రాయొచ్చు. ఏడోది, పన్నెండో పాదంలోది, మధ్యలో వస్తుంది.

పేరు, లెక్క రాసేసి ఊరుకుంటే సగం పనే. ఇప్పుడు దూరాలు చూడండి. రెండో పాదం నుంచి అయిదుకి మూడు పాదాల ఎడం. అక్కడి నుంచి ఏడుకి రెండు. తర్వాత 7, 8, 9 వరసగా. ఎడం తగ్గిపోతోంది, మాట దగ్గర దగ్గరగా వచ్చి పడుతోంది. లెక్కపెడతానని మొదలుపెట్టిన మనిషి లెక్క మర్చిపోయి ఆ మాటే అంటూ పోతున్నట్టు ఉంటుంది.

'ఐ లవ్ దీ' తర్వాత ఏ మాట వస్తోందో కూడా వరసగా రాసుకోండి. టు, టు. ఫ్రీలీ, ప్యూర్లీ. విత్, విత్, విత్. తెలుగులో అయితే ఫలానా దాకా, ఫలానా దాకా, స్వేచ్ఛగా, నిర్మలంగా, ఫలానాదానితో, దానితో, దానితో. మొదట ఎంత దూరం అని చెప్పింది, తర్వాత ఏ తీరుగా అని చెప్పింది, ఆ తర్వాత దేనితో అని చెప్పింది: పాత దుఃఖాల్లో ఖర్చయిన ఆవేశంతో, పోయిందనుకున్న ప్రేమతో, ఊపిరితో. మాట మారలేదు, దాని వెనక వచ్చేది మాత్రం ఆకాశమంత దూరం నుంచి ఒంట్లోని ఊపిరి దాకా దగ్గరికి వచ్చింది. ఇది పట్టుకున్న జవాబుకి, 'కవయిత్రి భావాన్ని నొక్కి చెప్పుటకు పునరుక్తి వాడినది' అని రాసిన జవాబుకి చాలా తేడా ఉంటుంది.

చివరి పాదంలో 'ఐ'కి 'లవ్'కి మధ్య 'షల్ బట్' దూరింది. అంతవరకూ వర్తమానం, ఇక్కడే భవిష్యత్తు. అంతసేపూ ఒకేలా వచ్చిన మాట ఇక్కడ విడిపోయింది కాబట్టే మనకి ఆ మార్పు వినిపిస్తుంది.

మన అలంకారశాస్త్రంలో దీనికి పేరుందా?

దగ్గరి చుట్టాలున్నాయి. పోతన 'కమలాక్షు నర్చించు కరములు కరములు, శ్రీనాథు వర్ణించు జిహ్వ జిహ్వ' అన్నాడు. అదే మాట, అదే అర్థం, కానీ రెండోసారి అన్నప్పుడు తాత్పర్యం వేరు: అవే అసలైన చేతులు అని. లాటానుప్రాస. షేక్‌స్పియర్ 116వ సానెట్లో 'లవ్ ఈజ్ నాట్ లవ్' అన్నది సరిగ్గా ఇదే పని, కాకపోతే కాదని చెప్పడానికి. మార్పు కనిపించగానే మారిపోయే ప్రేమ అసలు ప్రేమే కాదు అంటున్నాడు. బ్రౌనింగ్ పద్యంలోది లాటానుప్రాస కాదు, అక్కడ మాటకి ప్రతిసారీ అదే తాత్పర్యం. పోతన సీసం తెలిసినవాళ్ళకి ఆ తేడా ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది, అందుకే ఇంట్లో పద్యాలు వచ్చిన పెద్దవాళ్ళుంటే వాళ్ళ దగ్గర కూర్చోమంటాను.

మలుపు, అంటే పద్యంలో ఆలోచన తిరిగే చోటు, ఎక్కడ?

పెట్రార్కన్ సానెట్లో సాధారణంగా తొమ్మిదో పాదం దగ్గర. ఇక్కడ కూడా అంతే, కానీ 'బట్' అనో 'యెట్' అనో జెండా ఊపదు. తొమ్మిదో పాదం కూడా 'ఐ లవ్ దీ' అనే మొదలవుతుంది. మారింది విషయం: ఎనిమిది పాదాల దాకా ఆత్మ, వెలుగు, న్యాయం; తొమ్మిది నుంచి తన సొంత దుఃఖాలు, బాల్యం, పోయినవాళ్ళు.

ఈ సానెట్ ఉన్న పుస్తకం పేరు 'సానెట్స్ ఫ్రమ్ ద పోర్చుగీస్' కదా, ఇది అనువాదమా?

కాదు. ఆవిడ ఇంగ్లిష్‌లోనే రాసింది, కవి రాబర్ట్ బ్రౌనింగ్‌తో పరిచయం, ప్రేమ సాగిన 1845, 1846 రోజుల్లో. 1846లో పెళ్ళి, 1850లో ఈ 44 సానెట్లూ అచ్చు. మరీ సొంత విషయాలు కావడంతో అనువాదంలా కనిపించే పేరు పెట్టారు. అనువాదం అని రాయకండి.

మరాఠీలో 'సునీత్' అని చదివాం. అది ఇదేనా?

అదే. మరాఠీలోకి సానెట్‌ని తెచ్చింది కేశవసుత్, 1866లో పుట్టి 1905లో పోయాడు. మరాఠీ సునీతాల్లో చాలావాటికి శార్దూలవిక్రీడితం వాడారు. మ స జ స త త గ, పాదానికి పందొమ్మిది అక్షరాలు, మన శార్దూలమే, మనకుండే ప్రాస నియమం, యతి మైత్రి మాత్రం ఉండవు. పద్నాలుగు పాదాలు, మలుపు ఇంగ్లిష్ నుంచి. కొలత సంస్కృతం నుంచి. మరాఠీ సునీతానికి మాత్రం లఘువులు గురువులే వేయాలి, ఒత్తులు కాదు. ఒకే రోజు రెండు పేపర్లుంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

గట్టిగా చదవమంటున్నారు. ఇంట్లో అమ్మానాన్నల ముందు 'ఐ లవ్ దీ' అని ఎలా చదవను?

ఇది నిజంగా అడుగుతారు, ముఖ్యంగా ఆడపిల్లలు. ఇది పరీక్ష పాఠమని, ఒకావిడ తను పెళ్ళాడబోయే మనిషి మీద రాసుకున్నదని అమ్మకి తెలుగులో అర్థం చెప్పేయండి, చాలా ఇళ్ళలో అక్కడితో అయిపోతుంది. అదీ కుదరకపోతే మాటలు వదిలేసి 'త-దా, త-దా' అని నడక మాత్రం నోట్లో అనుకోండి. ఒత్తులు వినపడటానికి అది చాలు, ఒక్కోసారి మాటలతో కన్నా స్పష్టంగా వినిపిస్తాయి. కళ్ళతో చదివి గుర్తులు వేయడం మాత్రం వద్దు.

ఇది అయ్యాక దేని మీద ప్రాక్టీస్ చేయాలి?

ఇందాక చెప్పిన షేక్‌స్పియర్ 116. 'ఆల్టర్స్, ఆల్టరేషన్', 'రిమూవర్, రిమూవ్' అని ఒకే ధాతువు రూపం మార్చుకుని రావడం చూడండి, దాన్ని పాలిప్టోటాన్ అంటారు. 'లవ్'కి 'రిమూవ్' ప్రాస ఇప్పటి చెవికి కుదరదు, రాతలో మాత్రం కలుస్తుంది. 6, 8 పాదాలు లెక్కపెట్టండి. 'షేకెన్', 'టేకెన్' అని చివర ఒక తేలిక అక్షరం మిగిలి పదకొండు వస్తాయి. చలించదు, విలువ ఎంతో తెలియదు అని చెప్పే ఆ రెండు పాదాల చివరే అలా ఎందుకు మిగిలిందో ముందు మీరు సొంతంగా నాలుగు వాక్యాలు రాసి, ఆ తర్వాతే గైడ్ తెరవండి.